ఇరవై ఏడో నంబరు బిళ్ళ

పద్నాలుగో భాగం

కిందటి వారం మనం కంప్యూటరమ్మాయిని మార్చురీ గుమ్మంలో నిలబెట్టేసి ఎవరి పనులు వాళ్ళం చూసుకోవడానికి వెళ్ళిపోయాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కల్లో కథ చెబుతాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఆమె పెద్దాసుపత్రి ఆఫీసులో ప్రోగ్రామరు. మార్చురీకి వచ్చే గుర్తు తెలియని శవాల వివరాలన్నీ, అంటే వయసు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు, ఫొటో, ఒక డేటాబేసులో పెట్టి, తమవాళ్ళ కోసం వెతుక్కునేవాళ్ళు ఇంట్లో కూర్చునే చూసుకునేలా ఒక వెబ్ పేజీ కట్టింది. పేజీ మొదలై పదకొండు నెలలు. అది మొదలైన నెలలోపే ఆమె సొంత అన్న కనబడకుండా పోయాడు. రంగుల ఫ్యాక్టరీలో బాయిలర్ చూసేవాడతను. బాయిలర్ పేలి ఆరుగురు పోయారు. ఎక్కువైన ఆవిరిని బయటికొదిలే వాల్వుని తీగతో కట్టేయమన్నది ఎవరో అతనికి తెలుసు. కోర్టులో ఆ మాట చెప్పాల్సిన రోజుకి రెండ్రోజుల ముందు చెప్పులేసుకుని బయటికెళ్ళినవాడు మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

"పోలీస్ స్టేషన్ సంగతి నేను చూసుకుంటా, మీరెవరూ అక్కడికి రావద్దు" అన్నాడు నాన్న. శవాల సంగతి కంప్యూటరమ్మాయి మీద పడింది. ప్రతి ఆదివారం వదిన "ఏమన్నా తెలిసిందా బుల్లీ?" అని అడుగుతుంది. "మా దగ్గర లేడు వదినా. లేడంటే ఎక్కడో క్షేమంగానే ఉన్నట్టు" అని ఈమె చెబుతుంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆ ఇల్లు పది నెలలుగా నిద్రపోతోంది, నిద్రలేస్తోంది.

మార్చురీలో కంప్యూటరు మొరాయించిందని ఆ ఉదయం ఆమె అక్కడికి వెళ్ళింది. అన్న కనబడకుండా పోయాక, అక్కడికి వెళ్ళకుండా ఉండడానికి నానా సాకులూ చెప్పిన మనిషి. వెళ్ళి చూస్తే, కాపలాదారు ఒక శవం బొటనవేలి నుంచి ఇత్తడి బిళ్ళ విప్పి, కుళాయి కింద కడిగి, గోడమీద ఇరవై ఏడో మేకుకి తగిలిస్తున్నాడు. అక్కడ ఆపాం కదూ. ఇక వినండి.

"బాబాయ్, ఆ బిళ్ళ మళ్ళీ మేకుకి తగిలిస్తున్నావేంటి?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. ఆసుపత్రంతా ఆయన్ని బిళ్ళలాయన అంటుంది. ముప్పై ఏళ్ళుగా ఆ చల్లటి గదిలోనే ఉద్యోగం. మాటకి బదులు చెప్పేవాళ్ళు అక్కడ తక్కువ కాబట్టి, ఎవరైనా దొరికితే ఓ పట్టాన వదలడు.

"ఇంకెక్కడ తగిలించమంటావ్, నా మెళ్ళోనా?"

"అది కాదు. ఆ మనిషిని తీసుకెళ్ళిపోతున్నారు కదా. మరి ఇరవై ఏడో నంబరు అయిపోయినట్టే కదా?"

"మనిషి వెళ్తాడమ్మా, బిళ్ళెక్కడికి వెళ్తుంది? మంచి ఇత్తడి. నేను చేరిన కొత్తలో అప్పటి పెద్దడాక్టరు నలభై చేయించాడు. ఇవాళ్టికీ నలభైకి నలభై ఉన్నాయి. ఒక్కటి పోనిచ్చానేమో చూడు!" అంటూ గోడ వైపు చెయ్యి చాపాడు, సొంత పొలం చూపిస్తున్నట్టు. నాలుగు వరసలు, వరసకి పది మేకులు. కొన్ని మేకులు ఖాళీగా ఉన్నాయి. ఆ బిళ్ళలు లోపల సొరుగుల్లో ఎవరెవరి కాళ్ళకో ఉన్నాయన్నమాట.

"అంటే ఈ బిళ్ళే తర్వాత వచ్చినవాళ్ళకి కడతావా?"

"కడక్కేం చేస్తాను?"

"నేను మొదట్లో వచ్చి అడిగాను బాబాయ్. ఒకే నంబరు ఇద్దరికి ఇస్తారా అని నోరు విడిచి అడిగాను. ఇవ్వం అన్నావు. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా."

"ఇప్పుడూ అదే అంటాను. లోపల ఇద్దరు పడుకునుంటే ఇద్దరికీ ఇరవై ఏడు ఎట్లా కడతాను? ఒక్క బిళ్ళని రెండు కాళ్ళకి కట్టే విద్య నాకింకా రాలేదు." తన మాటకి తనే నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఏమైందమ్మాయ్? అట్లా అయిపోయావేం? కూర్చో, కూర్చో."

కూర్చోవడానికి అక్కడ ఉన్నది ఒక ఇనప బల్ల. దానిమీద ఎవర్ని పడుకోబెడతారో తెలిసి కూడా ఆమె దాని అంచుమీదే కూలబడింది.

ఇందులో బిళ్ళలాయన తప్పు ఇసుమంతైనా లేదు. అడిగినదానికి ఉన్నమాట చెప్పాడు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. ఎక్కడైనా నంబరు కనబడితే చాలు, అది జన్మకొక్కరిదే అని నమ్మేస్తారు. చదువుకున్నవాళ్ళు కదా, అడిగే తీరు కూడా తమ నమ్మకానికి తగ్గట్టే అడుగుతారు.

ఆమె వాడింది పెర్ల్ అనే కంప్యూటరు భాషలో ఒక ఫ్రేమ్‌వర్క్. పాతకాలపు భాషని తోటివాళ్ళు ఎకసెక్కాలాడేవాళ్ళు గానీ, ఆమె లెక్కచేసేది కాదు. పేజీలు చూపించడం, డేటాబేసుతో బేరాలాడడం లాంటి చాకిరీ అంతా ఫ్రేమ్‌వర్క్ చేసిపెడుతుంది. మనకేం కావాలో చెబితే చాలు. అందులో ఒకే మాటతో రెండు పనులు చేయించే ఆజ్ఞ ఒకటుంది. ఈ నంబరుతో ఎవరైనా ఉంటే వాళ్ళ వివరాలు దిద్దు, లేకపోతే కొత్త మనిషిగా చేర్చు. బిళ్ళలాయనకి సేవ్ బటన్ రెండుసార్లు నొక్కే అలవాటు. మొదట్లో ఒకే శవం రెండుసార్లు ఎక్కేది. అందుకని ఆమె ఆ ఆజ్ఞ వాడింది. బిళ్ళ నంబరునే ఆధారంగా పెట్టింది. రెండుసార్లు ఎక్కడం ఆగిపోయింది. సూపరింటెండెంటు భుజం తట్టాడు.

అంటే ఏమైనట్టు? ఇరవై ఏడో బిళ్ళ కట్టుకుని కొత్త మనిషి వచ్చినప్పుడల్లా, ఆ నంబరు మీద అంతకుముందున్న మనిషి ఫొటో పోయింది. ఎత్తు పోయింది. పుట్టుమచ్చలు పోయాయి. వెనకొచ్చినవాడి వివరాలు ముందున్నవాడి మీద పడి, ఆ ముందువాడు అసలు పుట్టనే లేదన్నట్టు తుడుచుకుపోయాడు. పదకొండు నెలలుగా ఆ డేటాబేసులో ఎప్పుడు చూసినా నలభై మందికి మించి లేరు. పేజీ ఎంత చురుగ్గా తెరుచుకుంటోందో అని ఆమె మురిసిపోయింది కూడా. మురిసిపోయిందండీ! ఆ సంగతి గుర్తొచ్చి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది ఆమెకి.

"నెలకి ఎంతమంది వస్తారు బాబాయ్?"

"పాతికమంది దాకా."

"పాత పుస్తకం ఉందా? రాసే పుస్తకం?"

బిళ్ళలాయన తల గోక్కున్నాడు. "నువ్వే కదమ్మా, కంప్యూటరొచ్చింది, ఇంక పుస్తకం అక్కర్లేదన్నావు. చేతినొప్పి తప్పిందని నీకు మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను. అయినా ఇప్పుడెందుకు? వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు."

ఆమె చెప్పింది. ఎట్లా చెప్పిందో గానీ మొత్తానికి చెప్పింది. ఆయన తువ్వాలు మడత పెడుతూ, "సొంతవాళ్ళొచ్చి తీసుకెళ్ళినవాళ్ళ గురించి నాకు బెంగలేదు. వాళ్ళకి ఇల్లుంది. ఎవరూ రానివాళ్ళని పదిహేను రోజులు చూసి మట్టి చేయించేస్తాం కదా. వాళ్ళకి నీ కంప్యూటర్లో ఉన్న ఆ ఫొటో తప్ప ఈ భూమ్మీద ఇంకేం మిగల్లేదు. అదీ పోయిందంటావా?" అన్నాడు.

పది నెలలుగా ఆదివారం ఆదివారం వదినకి తను చెప్పిన మాట ఆమె చెవుల్లో గింగురుమంటోంది. మా దగ్గర లేడు వదినా. లేకపోవడమంటే రాకపోవడం కాదని ఇప్పుడు తెలిసింది. అన్న వచ్చి ఉండొచ్చు. ఆ సొరుగుల్లో ఏదో ఒకదాంట్లో పదిహేను రోజులు పడుకుని, చెల్లెలు మేడమీద ఆఫీసులోనే ఉండగా, దిక్కులేనివాడిలా మట్టిలోకి వెళ్ళిపోయి ఉండొచ్చు. ఆమె లేచి పరుగులాంటి నడకతో మెట్లెక్కింది.

ఒక్క సంగతిలో మాత్రం ఆమె పప్పులో కాలెయ్యలేదు. డేటాబేసుకి రోజుకొక నకలు తీసి పక్కన దాచే ఏర్పాటు మొదటిరోజే చేసింది, ఏడాదిపాటు ఏ నకలూ చెరపకూడదని నియమం పెట్టింది. మూడువందల ముప్పై చిల్లర నకళ్ళు. ఎక్స్‌రే ఫిల్ములు దాచే గది పక్కన ఆమెకిచ్చిన ఇరుకు గదిలో తలుపేసుకుని, ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. ఒక్కో నకలునీ ఖాళీ డేటాబేసులోకి ఎక్కించు. అందులో ఉన్న ప్రతి మనిషినీ బిళ్ళ నంబరు, వచ్చిన తేదీ, రెండూ కలిపి గుర్తుపట్టు. కొత్త పట్టికలో లేకపోతే చేర్చు. ఉంటే తాజా వివరాలు ఎక్కించు. ఇంతే. పదకొండు నెలల కిందట ఆ రెండో మాట, వచ్చిన తేదీ అనే మాట, కలిపి ఉంటే ఈ అఘాయిత్యం జరిగేదే కాదు. ఒక్క లైను. అరచెయ్యంత పొడుగు కూడా ఉండదు.

మధ్యాహ్నం రెండింటిదాకా ప్రోగ్రాము నడిచింది. ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తెరమీద అంకె పెరుగుతూ పోయింది. నలభై దాటింది, నూరు దాటింది, రెండువందలు దాటింది. రెండువందల అరవై రెండు దగ్గర ఆగింది. అంటే రెండువందల ఇరవై రెండు మందిని ఆమె తన చేత్తో తుడిచేసింది.

అన్న కుడి ముంజేతి మీద బాయిలర్ దగ్గర కాలిన మచ్చ ఉంది, అరచేతి వెడల్పున. ఆమె ముందు దాని కోసం వెతికింది. దొరకలేదు. ఊపిరి తిప్పుకుంది. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథ వేరేలా నడిచేది. కానీ బిళ్ళలాయన మాట ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు. ఆ రెండువందల అరవై రెండు మందినీ ఒక్కొక్కర్నీ చదవాలనుకుంది. తుడిచేసిన చేత్తోనే కనీసం ఒకసారి పలకరించాలి కదా అనుకుంది.

సొంతవాళ్ళు తీసుకెళ్ళిన శవాలు వెతికేటప్పుడు పేజీలో కనబడవు. ఇల్లు చేరినవాళ్ళతో ఎవరికి పని అని ఆ షరతు ఆమే రాసింది. కాబట్టి వాళ్ళని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూస్తోంది. తీసుకెళ్ళినవారు: భార్య. తీసుకెళ్ళినవారు: మేనమామ. తీసుకెళ్ళినవారు: ఇంటి యజమాని. ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ, కళ్ళు తుడుచుకుంటూ దిగుతోంది.

ముప్పై ఒకటో మనిషి దగ్గర ఆగిపోయింది.

బిళ్ళ నంబరు ఇరవై ఏడు. తీసుకెళ్ళినవారు: తండ్రి. ఆ తండ్రి పేరు ఆమె చిన్నప్పటి నుంచీ బడి కాగితాల మీద, బ్యాంకు కాగితాల మీద తన పేరు పక్కన రాసుకున్న పేరే. పోయినతని పేరు చోట అన్న పేరు. చిరునామా చోట వాళ్ళింటి నంబరు, వీధితో సహా. తీసుకెళ్ళిన తేదీ చూసింది. అన్న కనబడకుండా పోయిన తొమ్మిదో రోజు.

ఎక్కడైనా పొరపాటేమో, ప్రోగ్రాము తప్పేమోనని ఆ రోజు నకలు ఒక్కదాన్నే తెరిచి చూసింది. అదే. మర్నాటిది తెరిచింది. అదే. నాలుగురోజుల తర్వాతి నకల్లో ఇరవై ఏడు మీద ఎవరో ముసలామె ఉంది. ఆమె వచ్చింది, అన్న తుడుచుకుపోయాడు. కంప్యూటరమ్మాయి ఆ వరస ఒక్కటీ కాగితం మీద అచ్చు తీసి, మడిచి, పర్సులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి బయల్దేరింది.

ఐదు దాటింది. వదిన బళ్ళో లెక్కలు చెబుతుంది, తర్వాత ట్యూషన్లు, ఆరున్నరకి గానీ రాదు. నాన్న ముందుగదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళు పుస్తకాలు బైండు చేసిన మనిషి. ఇప్పుడు పనిలేదు, రోజూ నాలుగు పేపర్లు తెప్పించుకుని సాయంత్రం దాకా చదువుతాడు. కొడుకు కబురేదైనా కనబడుతుందేమోనని చదువుతున్నాడని ఇంట్లోవాళ్ళు జాలిపడేవాళ్ళు.

"ఇవాళ తొందరగా వచ్చావే" అన్నాడు పేపరు దించకుండానే.

ఆమె చెప్పులైనా విప్పలేదు. కాగితం మడత విప్పి పేపరుమీద పెట్టింది. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు. అబద్ధమాడతాడేమో, ఇదేమిటని ఎదురడుగుతాడేమో అనుకుంది ఆమె. ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, అంతే.

"ఏనాడో ఇది నీ కంటబడుతుందని భయపడ్డాను" అన్నాడు. "నువ్వు ఇన్నాళ్ళూ అడక్కపోతే, ఇంక నీకు కనబడదులే అనుకున్నాను."

"పది నెలలు నాన్నా!" ఆమె గొంతు చీరుకుపోయింది. "పది నెలలు నువ్వు నిమ్మకు నీరెత్తినట్టు ఇక్కడ కూర్చున్నావు! వారం వారం వదిన నా మొహంలోకి చూసి అడుగుతుంటే, లేడు, లేడు అని నాచేత చెప్పించావు! అన్నయ్య చచ్చిపోయాడని నీకు తెలుసు. ఒక్కడివే వెళ్ళి దహనం చేయించి, స్నానం చేసి, వచ్చి మాతో కలిసి భోంచేశావు! కడసారి మొహమైనా చూడనివ్వకుండా... నేను నీకేం అన్యాయం చేశాను? వదినేం చేసింది?"

"గట్టిగా అరవకు."

"అరుస్తాను! వీధంతా విననీ! ఏ మనిషివి నాన్నా నువ్వు?"

గోడకి చేరగిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఉదయం నుంచీ బిగబట్టిందంతా ఒక్కసారిగా బయటపడింది. చిన్నప్పుడు సైకిలు వెనక పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తిన అన్న. మొదటి జీతంతో ఆమెకి కంప్యూటరు పుస్తకాలు కొనిచ్చిన అన్న. నాన్న లేచి వచ్చి ఆమె తలమీద చెయ్యి వెయ్యబోతే విదిలించుకుంది.

"ఏడవకు తల్లీ. వాడు కాదు."

ఆమె తలెత్తింది.

"ఆ శవం మీ అన్నది కాదు."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేసుకోలేక అవస్థ పడుతున్నారు. ఆ చప్పుడు తగ్గేదాకా ఆయన ఆగాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. కోర్టు రోజు దాటిపోయాక ఫ్యాక్టరీ మనుషులు రెండుసార్లు ఇంటికొచ్చారట, ఆడవాళ్ళు పనులకి వెళ్ళిన వేళ చూసి. వాడు దొరికితే చాలన్నారట, నవ్వుతూనే. తొమ్మిదో రోజు ఉదయం కొడుకు బస్టాండులో కలిశాడు. గడ్డం పెంచి, కళ్ళు పీక్కుపోయి ఉన్నాడు. అంబులెన్సు నడిపే స్నేహితుడొకడు వాడికి చెప్పాడట, మార్చురీలో దిక్కులేని శవం ఒకటుంది, నీ ఈడే, నీ ఎత్తే, మొహం మాత్రం చితికిపోయింది అని.

"వాడు బతకాలంటే చచ్చిపోయినట్టు ఒక కాగితం ఉండాలమ్మా. వేరే దారి లేదన్నాడు. నా కాళ్ళు పట్టుకున్నాడు. నేను స్టేషన్‌కెళ్ళి మావాడే అని చెప్పి, ఉత్తరం తీసుకుని మీ ఆసుపత్రికి వచ్చాను. ఆ గదిలో గుడ్డ తీసి చూపించారు. మావాడే అన్నాను. ఏడ్చాను కూడా. ఏడుపు దానంతటదే వచ్చింది, నటించాల్సిన పని లేకపోయింది."

"ఆ కాగితం ఫ్యాక్టరీ వాళ్ళకి చూపించావా?"

"చూపించాను. కోడలికి ఇంకా చెప్పలేదు, విందంటే గుండె ఆగి చస్తుంది, మీకు పుణ్యముంటుంది, దాని చెవిన వెయ్యకండని చేతులు జోడించాను. మళ్ళీ రాలేదు."

"మరి వదినకి నిజం చెప్పొచ్చు కదా!"

"ఏ నిజం చెప్పను? బతికున్నాడంటే ఆ పిల్ల దాచుకోలేదు, మొహం చూసి వీధిలో ఎవరైనా పట్టేస్తారు. పోయాడంటే, బతికున్నవాడికి నా చేతులారా పెళ్ళాం చేత ఏడుపు ఏడిపించనా? అటూ కాకుండా ఇటూ కాకుండా మధ్యలో వదిలేశాను. తప్పే. పెద్ద తప్పే. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు."

ఆమె తిట్టలేదు. అన్న బతికే ఉన్నాడన్న మాట ఇంకా లోపలికి దిగలేదు. కింద పడిన కాగితం తీసింది. ఆఫీసులో తండ్రి పేరు, ఇంటి నంబరు తప్ప ఇంకేం కనబడలేదు ఆమెకి. ఇప్పుడు మిగతా గళ్ళు చదివింది. వయసు ముప్పై ఐదు. నీలం చొక్కా. ముంజేతుల మీద మచ్చలేమీ లేవు. కుడి చెవి తమ్మె చీలి ఉంది.

ఆ చివరి మాట ఆమె ఇంతకుముందు చదివిందే. తన పేజీలో ఎవరు ఏం వెతికారో ఫ్రేమ్‌వర్క్ రోజూ ఒక ఫైల్లో రాసిపెడుతుంది. తప్పులేమైనా ఉన్నాయేమోనని ఆమె వారానికోసారి దాన్ని తిరగేస్తుంది. అందులో ప్రతి సోమవారం, పొద్దున్నే తొమ్మిదింటికి, ఒకే మనిషి ఒకే మాట కొడతారు. కుడి చెవి తమ్మె చీలినది, నీలం చొక్కా. పేజీ బదులిస్తుంది: ఎవరూ దొరకలేదు. మళ్ళీ సోమవారం అదే మాట, అదే బదులు. ఎన్ని సోమవారాలు! ఎవరబ్బా ఇంత పట్టుదలగా అని ఒకసారి నవ్వుకుంది కూడా.

"ఎవరో ఆయన కోసం వెతుకుతున్నారు నాన్నా" అంది. "ఇప్పటికీ వెతుకుతున్నారు. వాళ్ళకి ఎవరూ దొరకలేదని చెబుతున్నది నేనే."

నాన్న కుర్చీ పక్కనున్న పేపర్ల దొంతర కింద నుంచి ఒక కవరు తీశాడు. దాన్నిండా కత్తిరించిన ఫొటోలు. కనబడుటలేదు, కనబడుటలేదు, కనబడుటలేదు. ముప్పై ఐదేళ్ళవాళ్ళు, అటూ ఇటూ.

"వీళ్ళలో ఎవడో తెలిస్తే వెళ్ళి కాళ్ళమీద పడదామని" అన్నాడు. "ఎవడి బిడ్డనో తగలబెట్టి వచ్చానమ్మా. చెవి వైపు చూడ్డానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు ఆ రోజు. ఏం చెప్పి వెతకను?"

ఆమె కాగితం మడిచింది. ఒక నిర్ణయానికి వచ్చినట్టు కళ్ళు తుడుచుకుంది. "వచ్చే సోమవారం దాకా ఆగను. రేపే సూపరింటెండెంటుకి చెబుతాను. నా తప్పూ చెబుతాను, నీ తప్పూ చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ. ముందు అన్నయ్యని పిలిపించు. వాడెక్కడున్నా రావాలి. సాక్ష్యం చెప్పాలి, వదిన ముందు నిలబడాలి. బతికున్నవాడు వచ్చి నిలబడితే ఆ కాగితం దానంతటదే చెల్లకుండా పోతుంది. ఎక్కడున్నాడో చెప్పు. ఇప్పుడే వెళ్దాం."

నాన్న ఫొటోలు ఒక్కొక్కటే తిరిగి కవర్లో పెట్టసాగాడు.

"ఎక్కడున్నాడు నాన్నా?"

బయట గేటు కిర్రుమంది. వదిన ఇవాళ తొందరగా వచ్చేసింది. మెట్టుమీద సంచీ దింపి, చెప్పులు విప్పుతూ, పక్కింటావిడతో ఏదో అంటోంది. నాన్న గబుక్కున కవరు పేపర్ల కిందికి తోసి, కూతురి మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగాడు.

"ప్రతి గురువారం చివరి వీధి టీకొట్టు ఫోనుకి చేసేవాడు" అన్నాడు గుసగుసగా. "ఎనిమిది గురువారాలైంది, ఫోను లేదు. వాడుండే ఊరు వెళ్ళాను. గదికి తాళం వేసి ఉంది. ఎవరో ఇద్దరొచ్చారట, నవ్వుతూ మాట్లాడుకుంటూ వాళ్ళతో కలిసి వెళ్ళాడట, మళ్ళీ రాలేదట. బట్టలన్నీ గదిలోనే ఉన్నాయి."

"మరి స్టేషన్లో చెప్పలేదా!"

"ఏమని చెప్పను?" ఆయన కళ్ళలోంచి నీళ్ళు జారాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి రాలేదు. "చచ్చిపోయాడని నేనే సంతకం పెట్టి, నేనే బూడిద చేసి వచ్చిన కొడుకు, ఇప్పుడు కనబడట్లేదని ఏ స్టేషన్‌కెళ్ళి చెప్పను తల్లీ?"